రాత్రి పదకొండింటికి తినే ఇంటర్ పిల్లాడి పొట్ట: తినే టైము మారిస్తే తగ్గుతుందా?

గుంటూరు నుంచి ఒకమ్మ అడిగారు, కుదించి చెప్తున్నా: "మా బాబుకి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఎత్తు 172 సెంటీమీటర్లు. టెన్త్ అయినప్పుడు 60 కేజీలు ఉండేవాడు, ఇప్పుడు 74. పొద్దున ఆరున్నరకి ఏమీ తినకుండా కాలేజీకి పోతాడు, రాత్రి తొమ్మిదిన్నరకి వస్తాడు, స్నానం చేసి ఫోన్ చూసుకుంటూ భోజనం చేసేసరికి పదిన్నర, పదకొండు. మళ్లీ చదువుకుంటూ పాలు, బిస్కెట్లు. పొట్ట బాగా వచ్చేసింది. మా తోడికోడలు రాత్రి ఏడు దాటాక ఏం పెట్టొద్దు, 16 గంటలు ఫాస్టింగ్ చేయించు అంటోంది. చేయించొచ్చా? తినే టైముకీ కొవ్వుకీ నిజంగా సంబంధం ఉందా?"

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తా. సంబంధం ఉంది, కానీ గోడ మీద గడియారంలో ఏడు అనే అంకెతో కాదు. పిల్లాడు పడుకునే టైముకి ఎంత దగ్గరగా ఎంత తింటున్నాడు అన్నదాంతో. 16 గంటల ఫాస్టింగ్ మాత్రం ఈ వయసులో మీ అంతట మీరు చేయించొద్దు. మీరు రాత్రి తిండి ఆపక్కర్లేదు, అందులో సగం తీసుకెళ్లి సాయంత్రం ఐదింటికి పెట్టాలి, అంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్న వివరం, టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

నేను విజయవాడలో 18 ఏళ్లుగా డైటీషియన్‌గా చేస్తున్నా. మా దగ్గరకొచ్చే టీనేజ్ పిల్లల్లో చాలామందిది మీ బాబు కథే, ఊరు పేరు మారుతుంది అంతే. టెన్త్ దాకా సన్నగా ఉన్నాడండీ, ఇంటర్‌లో వేసిన ఆరు నెలలకే ఇలా అయిపోయాడు అంటారు. మా క్లినిక్ మొదట్లో నేను చేసిన తప్పు కూడా ఇక్కడ చెప్పాలి. పటమట నుంచి ఒక అబ్బాయిని తీసుకొచ్చారు, నేను పుస్తకంలో ఉన్నట్టు డైట్ చార్ట్ రాసిచ్చా, రాత్రి భోజనం 7:30కి రెండు పుల్కాలు, కూర, సలాడ్. వాళ్లమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏడున్నరకి మావాడు ఫిజిక్స్ క్లాసులో ఉంటాడు మేడం, పుల్కా లెక్చరర్‌గారి చేతిలో పెట్టిరమ్మంటారా?" అంది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రోజు నుంచి చార్ట్ రాసే ముందు పిల్లాడి టైమ్‌టేబుల్ అడగడం మొదలుపెట్టా.

ముందు మీ బాబు లెక్క చూద్దాం. 172 ఎత్తుకి 74 కేజీలంటే బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, 25. పిల్లలకి పెద్దవాళ్ల గీత వాడకూడదు, మనకి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల 2015 చార్టులు ఉన్నాయి, 5 నుంచి 18 ఏళ్ల దాకా, వాటిల్లో పెద్దల బీఎంఐ 23కి సరిపోయే గీత దాటితే అధిక బరువు, 27కి సరిపోయేది దాటితే ఊబకాయం. మీవాడు మొదటి గీత దాటాడు, రెండోది దాటలేదు. అంటే కంగారుపడి ఏదో ఒకటి చేసేయాల్సిన స్టేజ్ కాదు, అలాగని వదిలేసేదీ కాదు.

బరువు కంటే నాకు నడుము కొలత ముఖ్యం. టైలర్ టేపు తీసుకుని, పక్కటెముకలు అయిపోయే చోటికీ తుంటి ఎముకకీ మధ్యలో, గాలి మామూలుగా వదిలాక కొలవండి, పొట్ట లోపలికి లాక్కుంటాడు, నవ్వించి కొలవండి. ఎత్తులో సగం అంటే 86 సెంటీమీటర్లు, అది దాటకూడదు. జిమ్ముల్లో మెషిన్ ఎక్కిస్తే బాడీ ఫ్యాట్ 27 శాతం అని చీటీ ఇస్తారు కదా, అది ఒంట్లో నీళ్లని బట్టి మారిపోతుంది, మన బెజవాడ ఎండల్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూపిస్తుంది, దాన్ని పట్టుకుని ఏడవకండి.

మనవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ ఇంగ్లండాయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు పెట్టుకోవడం మన ఒంటి తీరు. అందుకే "మావాడు లావేం లేడు, పొట్టొకటే" అంటే నేను తేలిగ్గా తీసుకోను.

ఇంకొకటి, మెడ వెనక చూడండి. నల్లగా, మందంగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా ఉందా? దాన్ని మురికి అనుకుని మన అమ్మలు ఆదివారం నలుగు పెట్టి పీచుతో తోముతూ ఉంటారు, ఒకమ్మాయికి తోమీ తోమీ పుండు పడింది. అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదని ఒళ్లు చెప్తున్న గుర్తు. అది ఉంటే మాత్రం టైమింగులూ చార్టులూ తర్వాత, ముందు పిల్లల డాక్టరుకి చూపించి షుగర్, లివర్ టెస్టులు చేయించండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, తినే టైముకీ కొవ్వుకీ లింకు.

మన ఒంట్లో ఒక గడియారం ఉంటుందని అందరికీ తెలుసు, అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ ఇచ్చారు. పెద్ద గడియారం మెదడులో ఉంటుంది, వెలుతురు చూసి నడుస్తుంది. లివర్‌కి, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌కి, కొవ్వు కణాలకి కూడా ఎవరి చిన్న గడియారం వాళ్లకుంది, అవి చాలావరకు మనం తినే టైము చూసి నడుస్తాయి. పడుకోవడానికి సుమారు రెండు గంటల ముందు మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ వదలడం మొదలెడుతుంది, ఇక షాపు కట్టేస్తున్నాం అని చాటింపు వేసినట్టు. ఆ టైములో తిన్న అన్నానికి ఇన్సులిన్ పొద్దున వచ్చినంత చురుగ్గా రాదు. అదే ప్లేటు అన్నం, అదే పప్పు, పొద్దున తింటే రక్తంలో షుగర్ దిగినంత తొందరగా రాత్రి దిగదు.

టీనేజ్‌లో ఈ గడియారం మామూలుగానే వెనక్కి జరుగుతుంది. అది బద్ధకం కాదమ్మా, వయసు వల్ల, పదకొండయినా వాళ్లకి నిద్ర రాదు, పొద్దున ఆరింటికి లేపితే వాళ్ల ఒంటికి అది అర్ధరాత్రి కిందే లెక్క.

దీని మీద నాకు బాగా నచ్చిన స్టడీ బోస్టన్‌ది, 2017లో వచ్చింది. 18 నుంచి 22 ఏళ్ల కాలేజీ పిల్లలు 110 మంది. ఏడు రోజులు తిన్న ప్రతిదీ ఫోన్లో ఫోటో తీయించారు, తర్వాత ఒక రాత్రి ల్యాబ్‌లో ఉంచి ఉమ్ములో మెలటోనిన్ ఎప్పుడు పెరుగుతుందో కొలిచారు. కొవ్వు శాతం ఎక్కువున్న పిల్లలు రోజు తిండిలో ఎక్కువ భాగాన్ని తమ మెలటోనిన్ మొదలయ్యే టైముకి, సన్నటి పిల్లల కంటే సుమారు 1.1 గంట దగ్గరగా తిన్నారు. తమాషా ఏంటంటే, మామూలు గడియారం టైముతో పోలిస్తే ఏ సంబంధమూ కనపడలేదు! ఎనిమిదింటికి తిన్నావా, పదింటికి తిన్నావా అన్నది కాదు, నీ ఒంటి రాత్రికి ఎంత దగ్గర్లో తిన్నావు అన్నదే తేలింది. అందుకే మీ తోడికోడలు చెప్పిన ఏడు అనే అంకె పట్టుకోవద్దన్నా. తొమ్మిదింటికి పడుకునే రైతుకి ఏడు అంటే ఆలస్యమే, మీ బాబు పన్నెండున్నరకి పడుకుంటాడనుకుంటే వాడికి ఎనిమిది కూడా పెద్ద లేటు కాదు.

అయితే ఈ స్టడీ చూసి ఎగిరి గంతెయ్యకండి. ఆలస్యంగా తిన్నందుకు కొవ్వొచ్చిందా, కొవ్వున్న వాళ్లకి ఆలస్యంగా ఆకలేస్తోందా అన్నది దాంట్లో తేలదు. ఆ సందేహం కొంచెం తీర్చింది 2022లో వచ్చిన ఇంకొకటి, 16 మంది లావున్న పెద్దవాళ్లని ల్యాబ్‌లో పెట్టి అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టారు. ఆకలి పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది, ఒళ్లు ఖర్చు చేసే శక్తి కూడా కొంచెం తగ్గింది. చిన్న స్టడీనే, పెద్దవాళ్ల మీదే, కానీ జాగ్రత్తగా చేసింది.

మరి ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి కదా, లేకపోతే మాయమాటలు చెప్పినట్టు ఉంటుంది. బ్రిటన్‌లో 4 నుంచి 18 ఏళ్ల పిల్లలు 1620 మంది తిండి లెక్కలు చూస్తే రాత్రి ఎనిమిది తర్వాత భోజనం చేసేవాళ్లు ముందే తినేవాళ్ల కంటే లావుగా ఏం లేరు. అది 2016లో వచ్చింది. స్కాట్లండ్‌లో అబర్డీన్ వాళ్లు 2022లో ఒకే కేలరీల తిండిని ఒక నాలుగు వారాలు పొద్దున ఎక్కువ, ఇంకో నాలుగు వారాలు రాత్రి ఎక్కువ పెట్టి చూశారు, బరువు రెండింట్లోనూ ఒకేలా తగ్గింది. తేడా ఒక్కచోటే వచ్చింది, పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువ వేసింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి, నా టేబుల్ ముందు కూర్చున్న పిల్లల్ని కూడా కలుపుకుని నేను అనుకునేది ఏంటంటే, టైము దానంతట అది పెట్టే కొవ్వు కొంచెమే. కానీ ఆలస్యం ఒంటరిగా రాదు, ఆకలినీ, నూనె తిండినీ, నిద్రలేమినీ చంకనేసుకుని వస్తుంది. మీ ఇంట్లో జరిగేదీ అదే.

ఎలాగో మీ బాబు రోజు నేను ఊహించి చెప్తా, తప్పయితే తిట్టండి. పొద్దున ఖాళీ కడుపు. పదిన్నర బ్రేక్‌లో క్యాంటీన్‌లో ఎగ్ పఫ్, కూల్ డ్రింకు. మధ్యాహ్నం క్యారేజీ ఒంటిగంటకి తీస్తాడు, పొద్దున ఐదున్నరకి మీరు కట్టిన అన్నం అప్పటికి బిగుసుకుపోయి ఉంటుంది, సగం తిని మూత పెడతాడు. ఒంటిగంట నుంచి రాత్రి పదిన్నర దాకా తొమ్మిదిన్నర గంటలు, మధ్యలో ఓ టీ, బిస్కెట్. పెద్దవాళ్లం మనమే ఉండలేం, పదిహేడేళ్ల ఒళ్లు ఎలా ఉంటుంది? ఇంటికొచ్చేసరికి వాడికి ఆకలి కాదు, ఆవురావురుమని ఉంటుంది. మీకేమో రోజంతా పిల్లాడు ఏం తినలేదన్న జాలి. కంచంలో అన్నం కొండలా పెడతారు, వేపుడు, పప్పు, అప్పడాలు, ఆవకాయలో నెయ్యి, చివర్లో పెరుగన్నం. ఫోన్లో క్రికెట్ హైలైట్స్ నడుస్తుంటాయి, ఎంత తిన్నాడో వాడికీ తెలీదు, మీకూ తెలీదు.

తర్వాత పాలు. ఈ గ్లాసు పాల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే నూటికి తొంభై మంది అమ్మలు దీన్ని తిండి లెక్కలో వేయరు. వెన్న 6 శాతం ఉన్న ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు 250 మిల్లీలీటర్లు అంటే సుమారు 220 కేలరీలు. రెండు స్పూన్ల పంచదార, రెండు స్పూన్ల చాక్లెట్ పొడి వేస్తే 300 దాటుతుంది. నాలుగు క్రీమ్ బిస్కెట్లు కలిపితే 500 దగ్గరికి పోతుంది. అంటే రాత్రి పదకొండున్నరకి, భోజనం అయిన గంట లోపే, నిద్రకి గంట ముందు ఇంకో టిఫిన్ పెట్టినట్టు. పాలు చెడ్డవని కాదు, అదే గ్లాసు పొద్దున ఆరింటికి ఇస్తే నేనే చప్పట్లు కొడతా. పిల్లాడు చదువుతున్నాడు, పక్కన అమ్మ గ్లాసు పెట్టి తల నిమిరి వెళ్తుంది, ఆ ప్రేమని నేను కాదనను, ఆ గ్లాసులోకి పల్చటి మజ్జిగ వచ్చినా తల నిమరడం ఏం తగ్గదు.

పొద్దున ఎందుకు తినడు అని అడుగుతారు. రాత్రి పదకొండున్నరకి అంత తింటే పొద్దున ఆరింటికి ఆకలి ఎలా వేస్తుంది? పొద్దున టిఫిన్ సమస్య పొద్దున పుట్టదు, ముందు రోజు రాత్రి పుడుతుంది. టిఫిన్ తింటే చాలు బరువు తగ్గిపోతారు అని నేను చెప్పను, పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్స్‌లో అలా ఏం తేలలేదు. కానీ ఎదిగే పిల్లాడు పొద్దున తింటే పదిన్నరకి పఫ్ మీద పడడు, రాత్రి కొండ మీద పడడు, నాకు కావాల్సింది ఆ గొలుసు తెగడం.

సరే, ఏం చేయాలి.

సాయంత్రం బాక్సు. నా దగ్గరున్న ఒకే ఒక్క పెద్ద ఆయుధం ఇదే. మధ్యాహ్నం క్యారేజీతో పాటు రెండో బాక్సు, సాయంత్రం నాలుగున్నర ఐదు మధ్య బ్రేక్‌లో తినడానికి. చిరుతిండి కాదు, చిన్న భోజనం. మొదట్లో నేను ఫ్రూట్ సలాడ్, మొలకెత్తిన పెసలు అని రాసేదాన్ని, పిల్లలు ఫ్రెండ్స్ ముందు మూత తీయడానికే సిగ్గుపడేవాళ్లు, అలాగే ఇంటికి తెచ్చేవాళ్లు. ఇప్పుడు రాసేవి వేరు. రెండు చపాతీల్లో గుడ్డు పొరుటు చుట్టిన రోల్. నిమ్మకాయ పులిహోర, పక్కన రెండు ఉడికించిన గుడ్లు. మూడు పెసరట్లు మడతపెట్టి అల్లం పచ్చడి విడిగా డబ్బాలో. శెనగల గుగ్గిళ్లు తాలింపు వేసి, ఉల్లిపాయ ముక్కలు వాడే కలుపుకునేలా. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, ఒక జామకాయ. ఎండాకాలంలో గుడ్డూ పులిహోరా ఒకే బాక్సులో వేడి మీద మూత పెట్టొద్దు, ఆరనిచ్చి కట్టండి, లేకపోతే నాలుగింటికి వాసనొస్తుంది, ఆ తర్వాత జన్మలో ఆ బాక్సు ముట్టడు.

సత్యనారాయణపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి విషయంలో నేను మార్చింది ఇదొక్కటే. బైపీసీ, నీట్ కోచింగ్, మీ బాబు టైమ్‌టేబులే. సాయంత్రం బాక్సు పెట్టిన మూడో రోజు నుంచే రాత్రి అన్నం తనంతట తనే తగ్గించింది, వద్దు అని ఎవరూ అనలేదు. నాలుగు నెలలకి నడుము 5 సెంటీమీటర్లు తగ్గింది, బరువు 2 కేజీలే, వాళ్ల నాన్నకి ఆ రెండు కేజీలు నచ్చలేదు, ఇంతేనా అన్నాడు. డ్రెస్సులు వదులయ్యాయి కదండీ అంటే అప్పుడు ఒప్పుకున్నాడు. ఒక్క పిల్ల మాట చెప్పి ఇదే రుజువు అనను, పని చేయని కేసులూ ఉన్నాయి, కింద చెప్తా.

రాత్రి ఇంటికొచ్చాక, స్నానం తర్వాత కాదు, ముందు తినమనండి. వినడానికి మనకి బాగోదు, స్నానం చేసే అన్నం తినాలి అంటారు పెద్దవాళ్లు. కాళ్లూ చేతులూ కడుక్కుని తొమ్మిది నలభైకి కంచం ముందు కూర్చుంటే గంట కలిసొస్తుంది. సాయంత్రం బాక్సు తిని ఉంటాడు కాబట్టి ఒక మోస్తరు అన్నం, పప్పో చారో, కూర ఎక్కువ, పెరుగు చాలు. వేపుళ్లూ చికెనూ మధ్యాహ్నం క్యారేజీకి, ఆదివారం మధ్యాహ్నానికి. పన్నెండున్నరకి పడుకుంటే తిన్నదానికీ నిద్రకీ మధ్య దగ్గర దగ్గర మూడు గంటలు దొరుకుతాయి. పది తర్వాత వంటిల్లు బంద్ అని మీరు తలుపు మూయక్కర్లేదు, నిజంగా ఆకలేస్తే మజ్జిగో ఒక పండో తినొచ్చు. తాళం వేసిన ఇళ్లలో పిల్లలు బ్యాగులో చిప్స్ దాచుకోవడం నేను చాలా చూశా, ఇప్పుడైతే దాచుకోవడం కూడా లేదు, రాత్రి పన్నెండింటికి ఫోన్ నొక్కితే గేటు దగ్గరికి ఫ్రైడ్ రైస్ వస్తోంది.

ఇక నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి, మన ఇంటర్ పిల్లలకి ఈ మాట చెప్తే నవ్వుతారు. మీవాడు పన్నెండున్నరకి పడుకుని ఐదున్నరకి లేస్తే ఐదు గంటలు. అమెరికాలో 14 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని ఒక వారం తక్కువ నిద్రపోనిచ్చి, ఇంకో వారం బాగా నిద్రపోనిచ్చి చూస్తే మొత్తం కేలరీలు పెద్దగా మారలేదు గానీ నిద్ర తక్కువైన వారం రాత్రి తొమ్మిది దాటాక తీపి తిండి, పిండి తిండి ఎక్కువ తిన్నారు. పుస్తకం మీద కునుకు తీస్తూ పన్నెండున్నర దాకా కూర్చునే ఆ చివరి గంటలో చదువు ఎంత ఎక్కుతుందో నాకు తెలీదు గానీ బిస్కెట్లు మాత్రం బాగా ఎక్కుతాయి. ఆ గంట నిద్రకిచ్చేయండి. కాలేజీ స్టడీ అవర్లు మన చేతిలో లేవు, ఈ గంట ఉంది.

ఆదివారం గురించి కూడా ఒక మాట. వారమంతా ఐదున్నరకి లేచే పిల్లాడు ఆదివారం పదకొండింటికి లేస్తాడు, మొదటి ముద్ద ఒంటిగంటకి బిర్యానీ, రాత్రి ఫ్రెండ్స్‌తో బండి దగ్గర నూడుల్స్. ఒంటి గడియారానికి అది వారానికోసారి దుబాయ్ దాటి పోయొచ్చినట్టు. నిద్ర బాకీ తీర్చుకోనివ్వండి, తొమ్మిది దాకా పడుకోనివ్వండి, కానీ లేచిన గంటలో రెండు ఇడ్లీ అయినా పడాలి. బిర్యానీ మధ్యాహ్నం తింటే నాకు అభ్యంతరం లేదు.

ఇక మీ తోడికోడలు చెప్పిన 16 గంటల ఫాస్టింగ్. పెద్దవాళ్లలో కొంతమందికి బాగానే పని చేస్తుంది, ఆవిడకి తగ్గిందేమో కూడా. టీనేజ్ పిల్లలకి ఎందుకు వద్దంటున్నానంటే, మీవాడు ఇప్పటికే ఒక రకం ఫాస్టింగ్‌లోనే ఉన్నాడు! రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున పదిన్నర దాకా 11 గంటలు, మళ్లీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తొమ్మిదిన్నర గంటలు. ఇంకా పస్తు పెడితే ఆ రాత్రి కంచం ఇంకా పెద్దదవుతుంది. రెండోది, ఈ వయసులో ఎముక, కండ రెండూ కట్టుకోవాలి, క్యాల్షియం, ప్రొటీన్ రోజంతా విడివిడిగా అందాలి. మూడోది నాకు భయం వేసేది.

బ్రాడీపేట నుంచి ఒక 16 ఏళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు, మూడేళ్లయిందేమో. లావేం కాదు, బీఎంఐ 22. రీల్స్ చూసి సాయంత్రం ఆరు తర్వాత నోట్లో నీళ్లు తప్ప పోసుకోదు, ఎవరైనా పెళ్లికి పిలిచినా కంచం ముందు కూర్చోదు. ఇంట్లో మొదట క్రమశిక్షణ అనుకుని మెచ్చుకున్నారు. 9 కేజీలు తగ్గింది, నాలుగు నెలలు పీరియడ్స్ రాలేదు, దువ్వెన నిండా జుట్టు. నా దగ్గరికి తెచ్చింది "ఇంకా తగ్గాలంటోంది మేడం" అని. అది డైట్ కేసు కాదు, నేను చార్ట్ రాయలేదు, గైనకాలజిస్టు దగ్గరికీ, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికీ పంపించా, తేరుకోవడానికి ఏడాది పైన పట్టింది. ఆడపిల్లలకి ఈ వయసులో తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం ప్రకృతి, మగపిల్లలకి అదే వయసులో మామూలుగా కొవ్వు శాతం తగ్గి కండ పెరుగుతుంది. కాబట్టి ఈ సమాధానం చదివి ఎవరైనా కూతురికి రాత్రి కంచం తీసేస్తే నేను ఒప్పుకోను. పిల్లలు టైముని పట్టుకుని వేలాడుతుంటే, ఒక్క నిమిషం దాటినా తినకుండా ఏడుస్తుంటే, అక్కడితో ఆపేసి డాక్టర్ని కలవండి.

పని చేయని కేసులు అన్నాను కదా. హాస్టల్ పిల్లలు. మెస్‌లో ఏడున్నరకే భోజనం పెడతారు, టైము ప్రకారం చూస్తే మీ బాబు కంటే బంగారం. కానీ పదింటికి స్టడీ అవర్ అయ్యాక ట్రంకు పెట్టెలోంచి ఇంటి నుంచి తెచ్చిన జంతికలు, మైసూర్ పాక్, మరమరాల మిక్చర్ బయటికొస్తాయి, రూమంతా పంచుకుంటారు. అక్కడ భోజనం టైము మార్చే పనే లేదు, పెట్టెలో ఏం పెట్టి పంపిస్తున్నాం అన్నదే ముఖ్యం. నేను వేయించిన శెనగలు, వేరుశెనగలు, చిన్న సైజు సున్నుండలు లెక్కపెట్టి పంపమంటా, అయినా పక్కవాడి పెట్టె మన చేతిలో ఉండదు. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లకి, స్టెరాయిడ్ మందులు వాడేవాళ్లకి కూడా ఒక్క టైమింగుతో ఏం కాదు. ఇన్సులిన్ తీసుకునే పిల్లలైతే తిండి టైము ఒక్క అరగంట మార్చాలన్నా డాక్టర్ని అడక్కుండా మార్చొద్దు.

ఇంకోటి, అదే బరువు 13 ఏళ్ల పిల్లాడికైతే తగ్గించమని అసలు చెప్పను, ఎత్తు పెరుగుతాడు కాబట్టి బరువు అక్కడే నిలబెడితే చాలు, దానంతటదే సర్దుకుంటుంది. మీ బాబుకి 17, ఎత్తు చాలావరకు అయిపోయినట్టే, కాబట్టి కొంచెం తగ్గాలి. నెలకి ఒక కేజీ తగ్గినా చాలు. వ్యాయామం గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను, వాడికి టైము లేదని మీకూ నాకూ తెలుసు, బస్సు రెండు స్టాపుల ముందు దిగి నడిస్తే చాలు, ఆదివారం సాయంత్రం ఫోన్ ఇంట్లో పెట్టి బంతాటకి పంపండి.

ఇప్పుడే అన్నీ ఒకేసారి మొదలెట్టకండి. ఈ సోమవారం నుంచి సాయంత్రం బాక్సు ఒక్కటే. రెండు వారాలయ్యాక రాత్రి పాల గ్లాసుని పొద్దుటికి మార్చండి, అప్పటికి పొద్దున కొంచెం ఆకలి కూడా మొదలవుతుంది, పాలతో పాటు ఒక అరటిపండు, ఓ రెండు ఇడ్లీ పోతాయి. నడుము కొలత నెలకోసారి, బరువు కూడా నెలకోసారే, రోజూ మిషన్ ఎక్కించి పిల్లాడి ప్రాణం తీయకండి. ఇంటికొచ్చాక బ్యాగులోంచి ఆ రెండో బాక్సు తీసి మూత తెరిచి చూడండి. ఖాళీగా వస్తుంటే మనం సరైన దారిలోనే ఉన్నాం. అలాగే తిరిగొస్తుంటే వాడిని తిట్టొద్దు, లోపల ఏం పెట్టారో, బ్రేక్ ఎన్ని నిమిషాలో, తినడానికి కూర్చునే చోటుందో లేదో కనుక్కుని నాకు రాయండి, ఐటమ్ మారుద్దాం.